ఉపమానాలు చదవడం, ధ్యానించడం, బతుకులో పెట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

శనివారం సాయంత్రం మా ఇంట్లో ఓ పదిమందిమి కూర్చుని బైబిల్లో యేసు చెప్పిన ఉపమానాలు చదువుకుంటాం. కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా అవే సందేహాలు వస్తాయి, ఫోన్లో అడిగేవాళ్ళవీ అవే. అందుకని ఒకచోట రాసిపెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సింది చూసుకోండి. నేను పాస్టరుని కాదు, బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. లెక్కలు ఎక్కువ కనిపిస్తే అది పాత అలవాటు.

## మొదలుపెట్టే ముందు

ఉపమానాలు మొత్తం ఎన్ని? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తున్నారు

దేన్ని ఉపమానం అంటామన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. పాత్రలూ సంఘటనలూ ఉన్న కథల్నే లెక్కేస్తే ముప్పై పైచిలుకు. ఒక్క వాక్యంలో చెప్పిన పోలికల్ని కూడా కలుపుకుంటే అరవై దాకా వెళ్తుంది. ఎక్కువ భాగం యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తల్లో రెండింట్లో, మత్తయిలో, లూకాలో ఉన్నాయి. విత్తువాడి కథ మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. మంచి సమరయుడు, తప్పిపోయిన కుమారుడు లూకాలో తప్ప ఇంకెక్కడా లేవు. పదిమంది కన్యకలు, గోధుమలు-గురుగులు మత్తయిలోనే ఉన్నాయి. రైతు నిద్రపోతున్నా తనంతట తాను పెరిగే విత్తనం (4:26-29) ఒక్క మార్కులోనే కనిపిస్తుంది. యోహానులో ఇలాంటి కథలుండవు, మంచి కాపరి, ద్రాక్షావల్లి లాంటి పోలికలే ఉంటాయి. బైబిల్ క్విజ్‌కి తప్ప ఈ సంఖ్యతో మనకి పెద్దగా పని లేదు.

ఉపమానం అంటే నీతికథే కదా? పంచతంత్రం లాగే?

పంచతంత్రం కథ విన్నాక నక్క ఎలా మోసపోయిందో, కాకి ఎలా బయటపడిందో తెలుస్తుంది, మనం నవ్వుకుని ఇంటికెళ్తాం. ఉపమానం అలా పోనివ్వదు. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ పాత నిబంధనలో ఉంది. దావీదు రాజు పరాయివాడి భార్య బత్షెబని తీసుకుని, ఆమె భర్తని చంపించాక నాతాను ప్రవక్త అతని దగ్గరికి వెళ్ళి ఒక కథ చెప్తాడు. బోలెడు గొర్రెలున్న ధనవంతుడు ఇంటికొచ్చిన అతిథి కోసం, పక్కనున్న బీదవాడు బిడ్డలా పెంచుకున్న ఒక్కగానొక్క గొర్రెపిల్లని లాక్కుని వండించాడని. దావీదుకి కోపం ఆగలేదు, అలాంటివాడు చావాల్సిందేనన్నాడు, ఒకటికి నాలుగు ఇచ్చుకోవాలన్నాడు. అప్పుడు నాతాను అన్న మాట: "ఆ మనుష్యుడవు నీవే" (2 సమూయేలు 12). తీర్పు తన నోటితో తానే చెప్పేసుకున్నాక దావీదుకి తప్పించుకునే దారి లేకపోయింది. యేసు చెప్పిన చాలా కథలు ఈ పద్ధతిలోనే నడుస్తాయి. "ఇందులో నీతి ఏంటి?" అని అడిగే బదులు "నాకు ఇందులో ఎక్కడ గుచ్చుకుంది?" అని అడగండి. ఎక్కడా గుచ్చుకోకపోతే ఇంకోసారి చదవండి.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

లూకా 15తో. కానీ చాలామంది చేసే తప్పు చేయొద్దు, తిన్నగా గొర్రె దగ్గరికి వెళ్ళకుండా మొదటి రెండు వచనాలూ చదవండి. యేసు సుంకరులతో, పాపులనిపించుకున్నవాళ్ళతో కలిసి భోంచేస్తున్నాడని ఆనాటి యూదు మతపెద్దలైన పరిసయ్యులు, శాస్త్రులు సణుక్కుంటున్నారు. తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, తప్పిపోయిన కుమారుడు, ఈ మూడు కథలూ ఆ సణుగుడికి జవాబు. వారానికి ఒక కథ చాలు. తర్వాత మత్తయి 18:21-35, ఆపైన లూకా 10:25-37 చదవండి. మత్తయి 13లో ఒకదాని వెంట ఒకటి ఏడు ఉన్నాయి, దాన్ని మొదట్లోనే పట్టుకుంటే అన్నీ కలగాపులగం అవుతాయి.

పాత తెలుగు బైబిల్ భాష అర్థం కావట్లేదు. వాడుక భాషలో ఉన్నది చదవొచ్చా?

నిరభ్యంతరంగా చదవండి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే పాత అనువాదంలో కొన్ని మాటల రుచి కొత్తదాంట్లో పోతుంది. అడ్డం పడే మాటలు నిజానికి కొన్నే. సుంకరి అంటే రోమా ప్రభుత్వం తరఫున పన్ను వసూలు చేసేవాడు. గృహనిర్వాహకుడంటే యజమాని ఆస్తి, పద్దులు చూసే గుమాస్తా. దేనారం ఒక రోజు కూలి. తలాంతు నిజానికి ఒక తూకం, ఆరువేల దేనారాల విలువ. ఏడాదికి 300 రోజులు పనిచేసే కూలివాడికి ఇరవయ్యేళ్ళ సంపాదన అన్నమాట. ఇంగ్లీషులో ప్రతిభని 'టాలెంట్' అనడం తలాంతుల ఉపమానం నుంచే వచ్చింది. ఇప్పుడు మన సండే స్కూళ్ళలో టాలెంట్ టెస్ట్ పెట్టి పాటలు పాడిస్తున్నాం. మాట ఎక్కడ బయల్దేరి ఎక్కడికి చేరిందో చూడండి.

మేము క్రైస్తవులం కాదు. ఊరికే చదివితే ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది. 'సర్వోదయం' అన్న మాట మీకు తెలుసు కదా. గాంధీ 1904లో జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కి రైల్లో వెళ్తూ జాన్ రస్కిన్ రాసిన ఒక చిన్న పుస్తకం చదివారు. ఆ పుస్తకం పేరు ద్రాక్షతోట పనివారి ఉపమానంలోంచి తీసుకున్నదే, "ఈ చివరివాడికి కూడా" అని దాని అర్థం. 1908లో గాంధీ దాని సారాన్ని గుజరాతీలో రాసి 'సర్వోదయ' అని పేరు పెట్టారు. మా శనివారం కూడికకి కూడా ఒక హిందూ లెక్చరర్ గారు వస్తుంటారు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాకు తట్టని ప్రశ్నలు ఆయనే ఎక్కువ అడుగుతారు.

## చదివేటప్పుడు

కథలో ప్రతి వస్తువుకీ ఒక అర్థం ఉంటుందా? సమరయుడు ఇచ్చిన రెండు దేనారాలు దేనికి గుర్తు?

ఆ కథ ఇది: దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు, లేవీయుడు చూసి పక్కనుంచి వెళ్ళిపోతే, యూదులు చిన్నచూపు చూసే సమరయుడు ఆగి సత్రానికి చేర్చాడు. ఒకప్పుడు ప్రతిదానికీ అర్థం పెట్టే చదివేవారు. అయిదో శతాబ్దం నాటి అగస్టీను మంచి సమరయుడి కథలో దెబ్బలు తిన్నవాడు ఆదాము అన్నాడు, సత్రం సంఘం (చర్చి) అన్నాడు, సత్రంవాడు అపొస్తలుడైన పౌలు అన్నాడు. వినడానికి బావుంటుంది. కానీ "నా పొరుగువాడెవడు?" అని అడిగిన ధర్మశాస్త్రోపదేశకుడికి ఆ జవాబు ఏం పనికొస్తుంది? 1888లో అడోల్ఫ్ యూలిషర్ అనే జర్మన్ పండితుడు దీనికి ఎదురు తిరిగి, ప్రతి ఉపమానంలో ఒకే ఒక్క విషయం ఉంటుందని వాదించాడు. అదీ మరీ అతి. ఎందుకంటే విత్తువాడి కథనీ గురుగుల కథనీ యేసే ముక్కముక్కగా విడదీసి చెప్పినట్టు సువార్తల్లో ఉంది.

నేను పాటించే పద్ధతి చెప్తాను. మీరు చెప్పే అర్థం ఆ రోజు ఆ కథ విన్న జాలరికి, రైతుకి తట్టేదేనా అని చూసుకోండి. తట్టదనిపిస్తే పక్కన పెట్టండి. రెండు దేనారాలు రెండు రోజుల కూలి, గాయపడ్డవాడి ఖర్చుకి ఇచ్చిన డబ్బు. అంతే.

విత్తువాడు దారి మీదా రాళ్ళ మీదా గింజలు పోశాడంటే వాడు రైతేనా?

ఇదే ప్రశ్న ఒక కుర్రాడు మా కూడికలో అడిగాడు, బీటెక్ చదువుతున్నాడు. నేను వ్యాఖ్యానం పుస్తకం తీసేలోపే, ఎప్పుడూ మాట్లాడకుండా మూల కూర్చునే పెద్దాయన ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "చేలో అడ్డంగా కాలిబాట పడుద్ది బాబూ, నువ్వు కంచె కట్టినా పడుద్ది. చల్లకం అన్నాక పిడికిట్లోంచి గింజ ఎగిరి ఎక్కడన్నా పడుద్ది. అడుగున రాయుందని మొలిచాక గదా తెలిసేది" అన్నాడు. చెయ్యి ఎలా విసరాలో లేచి నిలబడి చూపించాడు కూడా, నడుం దగ్గర నుంచి అర్ధచంద్రంలా. పుస్తకం మూసేశాను. గలిలయ కొండ నేలల్లోనూ అంతే, చాలాచోట్ల పలచటి మట్టి పొర కింద రాతి పలక ఉంటుంది, పైకి కనపడదు.

ధ్యానించేటప్పుడు కథలోని ఈ నాలుగు నేలల్నీ (కాలిబాట, రాతి నేల, ముళ్ళ పొద, మంచి నేల) నలుగురు మనుషులకి పంచిపెట్టొద్దు. పొద్దున ప్రార్థనలో నేను మంచి నేలనే. పదకొండింటికి ఈఎమ్ఐ మెసేజ్ వస్తే ముళ్ళ పొదనైపోతాను. బైబిల్ దాన్ని "ఐహిక విచారము" అంటుంది. మా ఇంట్లో మనవడు రెండోసారి అదే ప్రశ్న అడిగేసరికి కాలిబాటలా గట్టిపడతాను. ఒక్క రోజులో ఎప్పుడెప్పుడు ఏ నేలగా ఉన్నానో రాసుకుంటే చాలు, వారం తిరిగేసరికి మీ పొలం పటం మీకే కనిపిస్తుంది.

అన్యాయస్థుడైన గృహనిర్వాహకుణ్ణి మెచ్చుకోవడం ఏంటి? దొంగలెక్కలు రాయొచ్చనా?

బ్యాంకులో పనిచేసినవాడిగా ఈ కథ (లూకా 16:1-9) నన్ను బాగా ఇబ్బంది పెట్టింది, ఇప్పటికీ పెడుతుంది. ఉద్యోగం పోతుందని తెలిసిన గుమాస్తా బాకీదారుల్ని పిలిచి నూరు మణుగుల నూనెని యాభై అనీ, నూరు తూముల గోధుమల్ని ఎనభై అనీ చీట్లు తిరగరాయించాడు. అతను మాఫీ చేసింది తన కమీషన్‌నే అని కొందరు పండితులు సర్దిచెప్తారు, కానీ కథలో ఆ మాట లేదు. ఉన్నది ఇంతే: అతను "యుక్తిగా" నడుచుకున్నాడని యజమాని మెచ్చుకున్నాడు. నిజాయితీగా అనలేదు, పైగా అతన్ని అన్యాయస్థుడనే అన్నాడు. రేపు తన గతేంటో తెలిసిన మనిషి ఈరోజే కదిలాడన్నది ఇందులో పట్టుకోవాల్సింది. ఆపైన మింగుడు పడకపోతే మింగొద్దు, అలాగే ఉంచుకోండి.

## ధ్యానానికి కూర్చున్నప్పుడు

రోజుకి ఎంతసేపు కూర్చోవాలి? ఒక పద్ధతి చెప్పండి

పదిహేను నిమిషాలు. కథ ఒకసారి పైకి చదవండి, చెవికి వినబడాలి. రెండోసారి నెమ్మదిగా చదువుతూ ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగండి. మూడోసారి పుస్తకం మూసి, ఆ చోట మీరు నిలబడి ఉన్నట్టు ఊహించుకోండి. పందుల దొడ్డి వాసన, సత్రంవాడి మొహం, దీపంలో నూనె అయిపోతున్నప్పుడు వత్తి చిటపటలాడటం, అన్నీ. తర్వాత ప్రార్థన. చివర్లో నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి, అది ఈరోజు చేయగలిగిన పని అయి ఉండాలి. "ప్రేమగా ఉంటాను" అని రాస్తే కొట్టేయండి. "మధ్యాహ్నం అక్కకి ఫోన్ చేస్తాను" అని రాయండి.

ఇది నేను కనిపెట్టింది కాదు. చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, నిశ్శబ్దంగా ఉండిపోవడం అనే నాలుగు మెట్లని పన్నెండో శతాబ్దంలోనే గీగో అనే సన్యాసి రాశాడు. కథలోకి ఊహతో వెళ్ళడం పదహారో శతాబ్దపు ఇగ్నేషియస్ లొయోలా నేర్పింది. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళకి ఇవి తెలిసినవే, మనవాళ్ళకే కొత్త.

వందసార్లు విన్న కథ. ఏమీ అనిపించట్లేదు

పుస్తకం చూడకుండా కథంతా మీ మాటల్లో కాగితం మీద రాయండి. తర్వాత బైబిల్ తెరిచి ఏం వదిలేశారో చూడండి. మీరు వదిలేసిన చోటే ఆ వారం ధ్యానం చేయండి. తప్పిపోయిన కుమారుడి కథలో ఆస్తి వాటా తీసుకెళ్ళి తగలేసిన చిన్నకొడుకు తిరిగొస్తే తండ్రి విందు చేస్తాడు, ఇంట్లోనే ఉన్న పెద్దకొడుకు అలుగుతాడు. మా కూడికలో అది ఇలా రాయిస్తే దాదాపు అందరూ దుబారా రాశారు, పందులు రాశారు, కౌగిలి రాశారు. ఆ దేశంలో పెద్ద కరువు వచ్చిందని ఇద్దరే రాశారు. ఎవరూ అతనికి ఏమీ పెట్టలేదన్న మాట (లూకా 15:16) ఒక్కరూ రాయలేదు. కొడుకు చెడిపోవడం మనకి గుర్తుంది, ఆ ఊళ్ళో అన్నం పెట్టని మనుషులు గుర్తులేరు. ఆ వారమంతా మేం వాళ్ళ గురించే మాట్లాడుకున్నాం.

కథలో నేను ఎవర్నో ఎలా తెలుస్తుంది?

మొదట తట్టిన పాత్రని నమ్మొద్దు. మనందరం సమరయుడిమే, మనందరం రొమ్ము కొట్టుకున్న సుంకరిమే! ఏ పాత్ర మీద చిరాకు వస్తుందో దాని దగ్గర కూర్చోండి.

నా సంగతే చెప్తాను. మా ఇంట్లో పెద్దకొడుకుని నేను. నాన్న పోయాక అమ్మని చూసుకుంది నేనూ మా ఆవిడా. షుగర్ మాత్రలు, కంటి ఆపరేషన్, రాత్రిళ్ళు లేవడాలు, అన్నీ మావే. తమ్ముడు ఆరేళ్ళు దేశంలో లేడు, ఫోన్లు కూడా పండగలకే. వాడు వస్తున్నాడని తెలిసిన రోజు అమ్మ పొద్దున్నే స్నానం చేసి కొత్త చీర కట్టుకుని గుమ్మంలో కుర్చీ వేయించుకుంది. "నాటుకోడి తెప్పించరా పెద్దోడా, వాడికి ఇష్టం" అంది. తెచ్చాను. కూర వాసన ఇల్లంతా వస్తుంటే, మోటారు చూసొస్తానని డాబా ఎక్కి గంటసేపు దిగలేదు. మోటారు బాగానే ఉంది. "నీవు నాకెన్నడును ఒక మేకపిల్లనైన ఇయ్యలేదు" అని తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దకొడుకు అన్న మాట నాకు అక్కడ, నీళ్ళ ట్యాంకు పక్కన గుర్తొచ్చింది. అప్పటిదాకా ఆ కథలో నేను చిన్నకొడుకుననే అనుకుంటూ సంఘంలో సాక్ష్యాలు చెప్పేవాణ్ణి.

గమనించండి, తండ్రి చిన్నవాడికి ఎదురెళ్ళినట్టే పెద్దవాడి కోసమూ బయటికి వచ్చాడు. పెద్దవాడు లోపలికి వెళ్ళాడో లేదో లూకా రాయలేదు.

మనసు పక్కకి పోతోంది. ఏం చేయాలి?

ఎక్కడికి పోతోందో కాగితం మీద రాయండి. మూడు రోజులు వరసగా ఆడపడుచుతో పొలం తగువు దగ్గరికే పోతుంటే, ఆ తగువునే కథలోకి తీసుకెళ్ళండి. ఫోన్ మాత్రం వేరే గదిలో పెట్టాల్సిందే. బైబిల్ యాప్ అని చెప్పుకుని పక్కన పెట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను.

## ఇంట్లో, పనిలో, డబ్బు దగ్గర

నా డబ్బు ఎగ్గొట్టినవాణ్ణి క్షమించాలంటే నోటు చింపేయాలా?

మత్తయి 18లో దాసుడు రాజుకి బాకీ పదివేల తలాంతులు, రాజు అదంతా మాఫీ చేశాడు. తోటి దాసుడు అతనికి బాకీ నూరు దేనారాలు. ఈరోజు కూలి 600 రూపాయలనుకుని లెక్క కట్టండి. నూరు దేనారాలంటే 60 వేలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల దేనారాలు, మూడువేల ఆరువందల కోట్ల రూపాయలు. ఒకటి రెండోదానికి ఆరు లక్షల రెట్లు. అయినా 60 వేలు చిన్న మొత్తమేం కాదు, మూడు నెలల పైచిలుకు కూలి. మనం పోగొట్టుకున్నది నిజంగానే నష్టమని కథ ఒప్పుకుంటోంది.

అతని తప్పు బాకీ అడగడంలో లేదు. గడువు ఇమ్మని కాళ్ళమీద పడ్డవాడి గొంతు పట్టుకుని చెరసాలలో వేయించాడు, అదీ కాసేపటి క్రితం తను రాజుతో అన్న మాటలే వాడూ అన్నాక. కాబట్టి నోటు ఉంచుకోండి, వాయిదాలు పెట్టండి, అవసరమైతే పెద్దల్లో పెట్టండి. కానీ వాడి కూతురి పెళ్ళిలో నలుగురి ముందు అడగడం గొంతు పట్టుకోవడమే. వాడు నిజంగా కట్టలేని స్థితిలో ఉన్నాడని తెలిస్తే వదిలేయడం గురించి అప్పుడు ప్రార్థించండి. ఎంత వదలగలరో మీకే తెలుస్తుంది.

తాగొచ్చి కొట్టే భర్తని డెబ్బై ఏళ్ళ మారులు (డెబ్బై ఇంటూ ఏడు సార్లు) క్షమించి ఊరుకోమంటున్నారు. నిజమేనా?

కాదు. క్షమాపణ గురించిన ఆ కథ ఉన్న అధ్యాయంలోనే, దానికి ముందు (మత్తయి 18:15-17), తప్పు చేసినవాణ్ణి నిలదీయమని, వినకపోతే ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్ళమని, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పమని ఉంది. ఆ మూడు వచనాలు వదిలేసి ఆడవాళ్ళకి మిగతాది మాత్రమే చెప్పడం అన్యాయం. మనసులో పగ లేకుండా ఉండటం వేరు, దెబ్బలు తినే ఇంట్లోనే ఉండటం వేరు. ముందు మీరు, పిల్లలు క్షేమంగా ఉన్న చోటికి వెళ్ళండి. మహిళల హెల్ప్‌లైన్ 181. ఫోన్ చేయడం అవిశ్వాసం కాదు.

రోడ్డు మీద యాక్సిడెంట్ చూస్తే ఆగాలని ఉంటుంది. పోలీసు కేసులో ఇరుక్కుంటే?

ఈ భయం ఇప్పుడు అక్కర్లేదు. ప్రమాద బాధితులకి సాయం చేసేవాళ్ళని కాపాడే మార్గదర్శకాలకి సుప్రీంకోర్టు 2016 మార్చిలో చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో సాయపడ్డవారి మీద సివిల్, క్రిమినల్ కేసులు పెట్టకుండా అది రక్షణ ఇస్తుంది. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. చట్టంలో అలాంటి మనిషిని ఏమన్నారో తెలుసా? 'గుడ్ సమారిటన్' అనే. ఎంత మందికి ఆ పేరు ఎక్కడిదో తెలుసో గానీ, లూకా పదో అధ్యాయం మన చట్టంలోకి వచ్చేసింది.

యెరూషలేము నుంచి యెరికోకి దాదాపు 27 కిలోమీటర్లు, వెయ్యి మీటర్ల పైన దిగుడు, మలుపుల దారి. దొంగలు ఇంకా అక్కడే ఉండొచ్చని యాజకుడికీ లేవీయుడికీ భయం వేసి ఉంటుంది, సమరయుడికీ వేసే ఉంటుంది. 108కి ఫోన్ చేసి బండి వచ్చేదాకా పక్కన నిలబడటం మన పని. ఇంకోటి. ఆ కథలో నాకు ఇష్టమైన భాగం చివరిది: ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. ఖాతా మూసేయకుండా వెళ్ళాడు. మర్నాడు ఆసుపత్రికి ఫోన్ చేసి "ఎలా ఉన్నాడు?" అని అడగండి.

గంట చేసినవాడికీ రోజంతా చేసినవాడికీ ఒకే కూలా? ఆఫీసులో ఇది ఎలా కుదురుతుంది?

మీ ఊళ్ళో కూలీల అడ్డాకి ఒకసారి మధ్యాహ్నం వెళ్ళండి. పొద్దున ఏడింటికి మేస్త్రీలు దృఢంగా ఉన్నవాళ్ళని ఏరుకుని తీసుకుపోతారు. పదకొండింటికి కూడా టిఫిన్ క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఎవరో చూడండి: ముసలివాళ్ళు, చెయ్యి సరిగా లేనివాళ్ళు, పసిపిల్లతో వచ్చిన ఆడవాళ్ళు. మత్తయి 20లోని ద్రాక్షతోట పనివారి కథలో సాయంత్రం అయిదింటికి యజమాని "ఎందుకు ఊరకే నిలిచియున్నారు?" అంటే వాళ్ళ జవాబు: "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు." సోమరితనం ఎక్కడా లేదు. దేనారం అంటే ఇంటిల్లిపాదికీ ఆ రోజు తిండి. గంట పనికి గంట కూలి ఇస్తే వాళ్ళ పొయ్యి వెలగదు.

పొద్దున వచ్చినవాళ్ళకి ఒప్పుకున్న కూలి పైసా తగ్గలేదు. పక్కవాడి చేతిలో చూశాకే అది తక్కువైపోయింది. "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" అని పాత బైబిల్ ఎంత చక్కటి తెలుగులో అడిగిందో చూడండి. ఇంక్రిమెంట్ల లెటర్లు వచ్చిన రోజు ఈ కథ చదువుకోండి. అయితే యజమానులకి ఒక మాట, ఎక్కువ చేసినవాడికి తక్కువ ఇవ్వడానికి ఈ ఉపమానం సాకు కాదు. ఇందులో యజమాని ఎవరికీ తగ్గించలేదు, కొందరికి పెంచాడు.

"విత్తనంగా కానుక పంపండి, నూరంతలు వస్తుంది" అంటున్నారు. విత్తువాడి ఉపమానంలో అలా ఉందా?

లేదు. "విత్తనము దేవుని వాక్యము" అని లూకా 8:11లో అర్థం అక్కడే చెప్పేశారు. నూరంతలు ఫలించేది వాక్యం. మీ కానుక నిండు మనసుతో ఇవ్వండి, కానీ వడ్డీ మాటతో అడిగినవాళ్ళకి మాత్రం ఇవ్వొద్దు. ముప్పై ఏళ్ళు డిపాజిట్లు చూసినవాణ్ణి, ఒకటికి వంద ఇస్తానన్నవాడెవడూ తిరిగి ఇవ్వగా చూడలేదు.

ధాన్యపు కొట్లు విప్పి పెద్దవి కట్టుకోవాలనుకున్న ధనవంతుణ్ణి వెర్రివాడన్నారు. మరి ఎల్ఐసీ, ఎఫ్‌డీలు తప్పా?

తప్పు కాదు. లూకా 12:13 నుంచి చదవండి. ఒకతను వచ్చి తన సహోదరుడితో ఆస్తి పంపకం చేయించమన్నాడు, దానికి జవాబుగా వచ్చింది ఈ కథ. మనవైపు అన్నదమ్ములు మాటలు మానేసేది ఎక్కువగా గట్టు తగువుల మీదే కాబట్టి ఈ సందర్భం మనకి బాగా తెలుసు. ఇప్పుడు ధనవంతుడి మాటల్లో పెన్సిలుతో 'నా', 'నేను' కింద గీతలు గీయండి. నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ప్రాణం. ఇంకొక మనిషి పేరు రాదు, కబురు చెప్పుకోవడానికి కూడా అతనికి అతనే. మీ ఎఫ్‌డీకి నామినీ ఎవరో, వాళ్ళతో కూర్చుని మాట్లాడి ఎన్నాళ్ళైందో చూసుకోండి.

గోధుమలు, గురుగులు కలిసి ఎదగనివ్వాలంటే సంఘంలో తప్పుడు లెక్కలు చూస్తూ ఊరుకోవాలా?

గురుగులు వెన్ను వేసేదాకా అచ్చం గోధుమలా ఉండే కలుపు. వరి నారుమడిలో ఊద చూసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. తొందరపడి పీకితే మంచి మొక్క వేరు కూడా ఊడొస్తుంది. కాబట్టి ఎవరు నిజమైన విశ్వాసి, ఎవరు కాదు అని మనుషుల్ని ఏరే పని మనది కాదు, అంతవరకు సరే. కానీ పొలం అంటే "లోకము" అని యేసే చెప్పాడు (మత్తయి 13:38), సంఘం అనలేదు. ట్రెజరర్‌ని రసీదు పుస్తకం చూపించమనడానికి ఈ ఉపమానం అడ్డు రాదు.

## ఇతరులకి చెప్పేటప్పుడు

సండే స్కూల్ పిల్లలకి ఎలా చెప్పాలి?

చేతిలో వస్తువు పెట్టి చెప్పండి. పోపులపెట్టెలోంచి తలా ఒక ఆవగింజ ఇచ్చి, అది పిట్టలు వాలేంత చెట్టయిన కథ అయ్యేదాకా పోగొట్టుకోకుండా పట్టుకోమనండి. సగంమంది పోగొడతారు, వెతకడంలో పోయిన నాణెం కథ కూడా చెప్పేయొచ్చు. "ఆవ మొక్క నడుం దాకే కదా ఉంటుంది, పిట్టలు ఎలా కూర్చుంటాయి?" అని ఒక పాప అడిగింది. ఆ దేశంలో నల్ల ఆవ మొక్క మనిషిని మించి ఎదుగుతుంది. అది చెప్పాను, కానీ ఆ పాప ప్రశ్నే నా జవాబు కంటే బావుంది. కథ అయ్యాక "నీతి ఏంటి?" అని మాత్రం అడక్కండి. "తర్వాత ఏమై ఉంటుంది?" అని అడగండి.

పదిమంది కన్యకల్లో అయిదుగురు నూనె పంచుకోలేదు. పిల్లలకి స్వార్థం నేర్పినట్టు కాదా?

పెళ్ళికొడుకు ఆలస్యమైతే అయిదుగురి దీపాల్లో నూనె అయిపోయింది, వాళ్ళు కొనుక్కొచ్చేసరికి తలుపు మూసేశారు. ఈ కథ పంచుకోవడం గురించి కాదు, సిద్ధంగా ఉండటం గురించి. పరీక్ష హాల్లో పెన్ను ఇవ్వొచ్చు, చదువు ఇవ్వలేం కదా అని చెప్తే పదో తరగతి పిల్లలకి వెంటనే అర్థమైంది. చిన్నపిల్లలకి ఈ కథ తొందరపడి చెప్పొద్దు, తలుపు మూసేయడం దగ్గర భయపడతారు.

మా కోడలికి సరిపోయే ఉపమానం ఒకటి చెప్పండి, వాట్సాప్‌లో పెడతాను

ఈ ప్రశ్న నెలకొకసారి వస్తుంది. ఒకసారి అత్తగారి నుంచి, అదే వారం అదే ఇంట్లో కోడలి నుంచి కూడా వచ్చింది. ఇద్దరికీ లూకా 18:9-14 పంపాను, దేవాలయంలో నేను ఇతరుల్లాంటివాణ్ణి కానని ప్రార్థించిన పరిసయ్యుడు, పాపినని రొమ్ము కొట్టుకున్న సుంకరి కథ. ఇద్దరూ బావుందని చెప్పి, ఒకరికొకరు ఫార్వర్డ్ చేసుకున్నారట.